నాలుగు ఆటల విద్యార్థి: జాకీ రాబిన్సన్ కళాశాల జీవితం

అమెరికా చరిత్ర పుస్తకాల్లో జాకీ రాబిన్సన్ పేరు సాధారణంగా ఒకే ఒక్క తేదీతో ముడిపడి కనిపిస్తుంది. 1947 ఏప్రిల్ 15న అతడు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున మైదానంలోకి దిగాడు. అప్పటికి సుమారు 60 సంవత్సరాలుగా నల్లజాతివారికి మూసి ఉన్న మేజర్ లీగ్ బేస్‌బాల్ తలుపు ఆ రోజు తెరుచుకొంది. ఈ సంగతి మీరు ఇదివరకే విని ఉండవచ్చు. ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది అంతకు ముందటి రాబిన్సన్‌ను, అంటే కళాశాల విద్యార్థిగా ఉన్న రాబిన్సన్‌ను.

అతడు చదివింది లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. దీన్ని క్లుప్తంగా యూసీఎల్ఏ అంటారు. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో నాలుగు వేర్వేరు ఆటల్లో గుర్తింపు పొందిన మొదటి విద్యార్థి అతడే. అటువంటి విద్యార్థి పట్టా పుచ్చుకోకుండానే ఎందుకు వెళ్లిపోయాడు? విశ్వవిద్యాలయంలో అన్నిటికంటే తక్కువగా రాణించిన ఆటే చివరికి అతడికి ఎందుకు జీవనాధారమైంది? పాఠం చదువుతున్నంతసేపూ ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకోండి. అతడి ప్రతిభను ఎంత కొలిచినా వీటికి సమాధానం దొరకదు. అతడి చుట్టూ ఉన్న సంస్థలు, చట్టాలు, అలవాట్లు ఎలా పనిచేశాయో చూస్తేనే దొరుకుతుంది.

పసడీనా బాల్యం

రాబిన్సన్ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలోని కైరో అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో చివరివాడు. పంటలో పాలు ఇచ్చే పద్ధతిపై తెల్లవారి భూమిలో సేద్యం చేసుకొనే కుటుంబం. తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాక, 1920లో తల్లి మాలీ పిల్లలను వెంటబెట్టుకొని రైలెక్కి కాలిఫోర్నియాలోని పసడీనాకు చేరింది. ఇళ్లల్లో పనిచేసి పిల్లలను పెంచింది. తరువాత కొన్నాళ్లకు పెప్పర్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు సంపాదించుకొంది. అది తెల్లవారు ఉండే వీధి. వీరిని అక్కడి నుంచి పంపించడానికి ఇరుగుపొరుగువారు ప్రయత్నించారు కాని ఆమె కదలలేదు.

అమెరికాలో జాతివివక్ష అనగానే మనకు దక్షిణాది రాష్ట్రాలే గుర్తుకొస్తాయి. అక్కడ వేరుగా ఉంచడాన్ని చట్టమే శాసించింది. కాలిఫోర్నియాలో అంతటి చట్టం లేదు. అయినా పసడీనా పురపాలక ఈతకొలనులోకి నల్లవారు, మెక్సికన్లు, ఆసియావారు వారంలో ఒక్కరోజు మాత్రమే దిగడానికి వీలుండేది. చట్టం రాసిపెట్టిన వివక్షకూ, అలవాటుగా సాగిపోయే వివక్షకూ గల ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. రాబిన్సన్ విద్యార్థి జీవితమంతా ఈ రెండో రకం నీడలోనే గడిచింది.

ఈ ఇంట్లో మరో గొప్ప క్రీడాకారుడు ఉన్నాడు. జాకీ అన్న మాక్ రాబిన్సన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో రజత పతకం గెలిచాడు. స్వర్ణం జెస్సీ ఓవెన్స్‌ది. ఓవెన్స్ 20.7 సెకన్లలో, మాక్ 21.1 సెకన్లలో గమ్యం చేరారు. ఓవెన్స్ గురించి ప్రపంచమంతా చదువుకొంది. నాలుగు పదుల వంతు సెకను వెనకబడిన మాక్‌కు సొంత ఊళ్లో దొరికింది వీధులు ఊడ్చే పని. ఒలింపిక్ జట్టు జాకెట్ తొడుక్కొని అతడు పసడీనా వీధులు ఊడ్చేవాడు. ఇది కళాశాల మెట్లెక్కబోతున్న తమ్ముడి కళ్లముందు జరిగింది. జాకీ తరువాత తీసుకొన్న నిర్ణయాన్ని అర్థం చేసుకోవాలంటే మాక్ చేతిలోని చీపురును మరిచిపోకూడదని నా అభిప్రాయం. చాలా జీవితచరిత్రల్లో మాక్ ప్రస్తావన ఒక పేరాతో ముగిసిపోతుంది. అది సరికాదు.

ఒకే రోజు, రెండు ఊళ్లు

ఉన్నత పాఠశాలలో జాకీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ట్రాక్ పోటీలతోపాటు టెన్నిస్ కూడా ఆడాడు. 1937లో పసడీనా జూనియర్ కళాశాలలో చేరాడు. జూనియర్ కళాశాల అంటే మన ఇంటర్మీడియట్ కళాశాల అనుకోకండి. అక్కడ డిగ్రీలో మొదటి రెండేళ్లకు సమానమైన చదువు చెబుతారు. తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గర ఆ రెండేళ్లు పూర్తిచేసి, మిగిలిన రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి మారవచ్చు. పేద కుటుంబాల పిల్లలకు ఈ ఏర్పాటు ఎంతో ఉపయోగపడింది.

1938 మే 7న జరిగిన సంగతి ఈ కళాశాల రోజుల్లోనిదే. ఆ ఉదయం క్లేర్‌మాంట్‌లో ట్రాక్ పోటీలు, అదే రోజు గ్లెన్‌డేల్‌లో బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఆట. జాకీ ముందు క్లేర్‌మాంట్ వెళ్లి లాంగ్‌జంప్‌లో 25 అడుగుల 6½ అంగుళాలు, అంటే సుమారు 7.79 మీటర్లు దూకాడు. జూనియర్ కళాశాలల స్థాయిలో జాతీయ రికార్డు అది. అంతకు ముందు ఆ రికార్డు ఎవరిదో తెలుసా? అన్న మాక్‌దే. దూకిన వెంటనే కారులో గ్లెన్‌డేల్ చేరుకొని, అప్పటికే మొదలైన బేస్‌బాల్ ఆటలో దిగాడు. అతడి జట్టే గెలిచింది.

1939లో మరో అన్న ఫ్రాంక్ మోటారుసైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. జాకీ ఆటలను అందరికంటే ఎక్కువగా ప్రోత్సహించినవాడు అతడే. విశ్వవిద్యాలయాన్ని ఎంచుకొనే సమయంలో జాకీ ఇంటికి దగ్గరగా ఉన్న యూసీఎల్ఏకు మొగ్గడానికి ఈ మరణం ఒక ముఖ్య కారణం.

యూసీఎల్ఏలో ఒక సంవత్సరం

ఒకే విద్యార్థి ఒకే విద్యాసంవత్సరంలో నాలుగు ఆటలు ఎలా ఆడగలడని మీకు సందేహం రావచ్చు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆటలకు రుతువుల ప్రకారం కాలపట్టిక ఉంటుంది. శరదృతువులో ఫుట్‌బాల్, చలికాలంలో బాస్కెట్‌బాల్, వసంతంలో బేస్‌బాల్, ట్రాక్ పోటీలు. మొదటి రెండిటి మధ్య కాస్త ఊపిరి తీసుకోవచ్చు. వసంతంలో మాత్రం రెండూ ఒకేసారి మీద పడతాయి. ఒక ఆటలో తగినంత స్థాయిలో ఆడినవారికి విశ్వవిద్యాలయం తన పేరులోని అక్షరాన్ని గుడ్డమీద కుట్టి ఇస్తుంది, దాన్ని స్వెట్టరుపై కుట్టించుకొంటారు. దీన్నే ‘లెటర్’ సంపాదించడం అంటారు. మన విశ్వవిద్యాలయాల్లో ‘కలర్స్’ ఇవ్వడం వంటిదే. 1939–40 విద్యాసంవత్సరంలో రాబిన్సన్ నాలుగు ఆటల్లోనూ లెటర్ సంపాదించాడు.

వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం. అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఫుట్‌బాల్ అని పిలిచే ఆట కాదు. రెండు కొనలూ మొనదేలిన బంతిని ఎక్కువగా చేత్తో పట్టుకొని పరుగెత్తుతారు. బంతిని ముందుకు తీసుకుపోలేని జట్టు దాన్ని దూరంగా గాలిలోకి తన్నేస్తుంది. అవతలి జట్టులో ఒకడు ఆ బంతిని పట్టుకొని, మీదికి దూసుకొచ్చే 11 మందిని తప్పించుకొంటూ వీలైనంత దూరం ఎదురుగా పరుగెత్తుతాడు. దీన్ని పంట్ రిటర్న్ అంటారు. కబడ్డీ చూసినవారికి ఇందులోని ఒడుపు వెంటనే అర్థమవుతుంది: ఎటు పోతాడో ఎదుటివాడికి అంతుచిక్కకూడదు. ఈ పంట్ రిటర్న్ సగటులో 1939లోనూ 1940లోనూ దేశంలోని విశ్వవిద్యాలయ ఆటగాళ్లందరిలో రాబిన్సన్‌దే ప్రథమ స్థానం.

1939 యూసీఎల్ఏ జట్టుకు మరో ప్రత్యేకత ఉంది. చాలా విశ్వవిద్యాలయాల జట్లలో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేని రోజుల్లో ఇందులో నలుగురున్నారు: కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్, రే బార్ట్‌లెట్, రాబిన్సన్. ఆ ఏడాది జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆరు గెలిచింది, నాలుగు సమం చేసుకొంది. స్థానిక ప్రత్యర్థి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో జరిగిన ఆఖరి ఆటను చూడటానికి లాస్ ఏంజెలస్ కొలీసియంకు లక్షకు పైగా జనం వచ్చారు. ఆట సున్నా–సున్నాగా ముగిసింది.

బాస్కెట్‌బాల్‌లో యూసీఎల్ఏది బలహీనమైన జట్టు. అయినా పసిఫిక్ తీర విశ్వవిద్యాలయాల దక్షిణ విభాగంలో వరుసగా రెండు సీజన్లు, 1940లోనూ 1941లోనూ, అందరికంటే ఎక్కువ పాయింట్లు సాధించినవాడు రాబిన్సన్. ఓడిపోతున్న జట్టులో ఉండి ఇది చేయడం మరింత కష్టమని ఆట తెలిసినవారు ఒప్పుకొంటారు. 1940 జూన్‌లో జాతీయ విశ్వవిద్యాలయాల పోటీల్లో 24 అడుగుల 10¼ అంగుళాలు దూకి లాంగ్‌జంప్ ఛాంపియన్ అయ్యాడు. అది ఒలింపిక్ సంవత్సరం. కాని యుద్ధం కారణంగా 1940 ఒలింపిక్స్ రద్దయ్యాయి. అన్న వెళ్లిన దారిలో తమ్ముడు వెళ్లే అవకాశం అలా పోయింది.

ఇక నాలుగోది బేస్‌బాల్. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు మన క్రికెట్ సగటువంటిది కాదు. బ్యాటర్‌కు వచ్చిన అవకాశాల్లో ఎన్నిసార్లు బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరగలిగాడన్న నిష్పత్తి అది. మేజర్ లీగ్‌లో 0.300 సాధించినవాడు మంచి బ్యాటర్ కింద లెక్క. రాబిన్సన్ యూసీఎల్ఏ తరఫున మొదటి ఆటలోనే నాలుగు హిట్లు కొట్టి ఆశలు రేపాడు. సీజన్ ముగిసేసరికి అతడి సగటు 0.097. అంటే పదిసార్లు బ్యాటు పట్టుకొంటే ఒక్కసారి కూడా పూర్తిగా లెక్కకు రాలేదన్నమాట. నాలుగు ఆటల్లో అతడు విఫలమయ్యాడని చెప్పగలిగింది ఈ ఒక్కటే.

ఇక్కడ కాసేపు ఆగండి. 1941 ఆరంభంలో ఉన్న ఒక అధ్యాపకుడు ఈ వివరాలు చూసి, ఈ కుర్రవాడు ఏ ఆటలో జీవనోపాధి వెతుక్కోవాలో సలహా ఇవ్వాల్సి వస్తే ఏమని ఉండేవాడు? మీ నోట్సు పుస్తకంలో ఒకటి రెండు వాక్యాలు రాసుకొని ముందుకు సాగండి.

పట్టా లేకుండా వెళ్లిపోవడం

1941 వసంతంలో, పట్టాకు ఇక కొద్ది దూరమే ఉండగా, రాబిన్సన్ యూసీఎల్ఏ వదిలేశాడు. తల్లి వద్దంది. విశ్వవిద్యాలయంలో పరిచయమై, తరువాత అతడి భార్య అయిన నర్సింగ్ విద్యార్థిని రేచల్ ఐసమ్ కూడా వద్దంది. అతడు వినలేదు. ఎంత చదివినా నల్లవాడికి తగిన ఉద్యోగం రాదని తనకు గట్టిగా అనిపించిందని తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. ఇళ్లల్లో పనిచేసి అలిసిపోయిన తల్లికి ఆసరా కావాలన్న తొందర కూడా ఉంది.

ఈ పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: “అయితే అతడు తప్పు చేశాడా సార్?” అడిగేవారిలో ఇంటి పరిస్థితుల వల్ల ఒకప్పుడు కళాశాల మానేసి, ఏళ్ల తరువాత దూరవిద్యలో చేరినవారు ఎక్కువ. నేను తప్పని చెప్పను. చదువు విలువ తెలియక మానేయడం వేరు, ఆ చదువుకు తన సమాజం ఎంత వెల కడుతోందో లెక్కగట్టి మానేయడం వేరు. రాబిన్సన్ లెక్కకు ఆధారం ఉంది. అన్న మాక్ కూడా విశ్వవిద్యాలయంలో చదివినవాడే, పైగా ఒలింపిక్ పతకం ఉన్నవాడు. ఆ లెక్క సమాజం ఎప్పటికీ మారదన్న ఊహమీద నిలబడింది. అదొక్కటే అందులోని లోపం. కాని 22 ఏళ్ల యువకుడు ఆరేళ్ల తరువాత ఏం జరుగుతుందో ఎలా ఊహించగలడు? రేచల్ లెక్క వేరు. ఆమె 1945లో యూసీఎల్ఏ నుంచి నర్సింగ్ పట్టా తీసుకొంది. తరువాత మానసిక రోగుల నర్సింగ్‌లో స్నాతకోత్తర పట్టా పొంది, యేల్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలైంది.

మూసి ఉన్న తలుపులు

ఇప్పుడు మీరు నోట్సులో రాసుకొన్న సలహాను తీసి చూడండి. చాలామంది ఫుట్‌బాల్ అని రాస్తారు. జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో 1934 నుంచి 1945 వరకు ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. అలా ఉండకూడదని కాగితంమీద రాసిన నిబంధన ఏదీ లేదు. యజమానుల మధ్య మాటగా కుదిరిన కట్టుబాటు చాలింది. 1941 ఆగస్టులో చికాగోలో, అప్పటి లీగ్ విజేత చికాగో బేర్స్‌తో కళాశాల ఆటగాళ్ల జట్టు ఒక ప్రదర్శన ఆట ఆడింది. రాబిన్సన్ అందులో ఆడాడు. బేర్స్‌కు ఎదురుగా ఆడవచ్చు, బేర్స్‌లో చేరకూడదు! బాస్కెట్‌బాల్ అని రాసినవారికి కూడా ఇదే సమాధానం. వృత్తి జట్లలో ఎక్కువ భాగం తెల్లవారివే, నల్లవారు తమ సొంత జట్లతో ఊరూరా తిరిగి ఆడుకొనేవారు. లాంగ్‌జంప్‌లో డబ్బే లేదు.

అందువల్ల దేశంలోని అత్యుత్తమ విశ్వవిద్యాలయ క్రీడాకారుల్లో ఒకడు మొదట ప్రభుత్వ యువజన శిబిరంలో వ్యాయామ సహాయకుడిగా చేరాడు. ఆ పథకం మూతపడింది. తరువాత హవాయి వెళ్లి హొనొలులు బేర్స్ అనే చిన్న జట్టుకు ఆడుతూ, మిగతా రోజుల్లో భవన నిర్మాణ సంస్థలో పనిచేశాడు. 1941 డిసెంబరు 5న అక్కడి నుంచి ఓడలో బయలుదేరాడు. రెండు రోజులకు పెర్ల్ హార్బర్‌పై జపాన్ దాడి జరిగింది.

1942లో సైన్యంలోకి తీసుకోబడి, 1943లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1944 జులైలో టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్‌లో బస్సు డ్రైవరు వెనక్కి వెళ్లి కూర్చోమంటే నిరాకరించాడు. సైనిక వాహనాల్లో అటువంటి వేర్పాటు అప్పటికే నిషిద్ధం. అయినా విచారణ అతడిమీదే జరిగింది. సైనిక న్యాయస్థానం నిర్దోషిగా వదిలిపెట్టింది. ఆ ఏడాది చివర సైన్యం నుంచి గౌరవంగా బయటికి వచ్చి, టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో నల్లజాతి విద్యార్థుల శామ్ హ్యూస్టన్ కళాశాలలో వ్యాయామ విద్య చెప్పాడు. పట్టా తీసుకోని మనిషి కళాశాలలో పాఠం చెప్పాడు.

బేస్‌బాల్ దారి

1945లో నల్లజాతి ఆటగాళ్ల లీగ్‌లోని కాన్సస్ సిటీ మోనార్క్స్ నెలకు 400 డాలర్లకు పిలిస్తే వెళ్లాడు. అదే ఏడాది ఆగస్టు 28న డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ అతడిని బ్రూక్లిన్‌కు పిలిపించాడు. నల్లజాతి లీగ్‌లో రాబిన్సన్‌కంటే అనుభవం, పేరు ఉన్న ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. మరి రికీ ఇతడినే ఎందుకు ఎంచుకొన్నాడు? ఆటతోపాటు ఇతర విషయాలనూ ఆయన తూచాడు. ఇతడు విశ్వవిద్యాలయంలో చదివాడు. తెల్లవారితో కలిసి ఒకే జట్టులో, లక్షమంది ముందు ఆడిన అనుభవం ఉంది. సైన్యాధికారిగా పనిచేశాడు. మద్యం అలవాటు లేదు. ఎంత అవమానించినా తిరిగి చెయ్యెత్తకుండా ఉండగలడా అన్నది ఆనాటి సమావేశంలో రికీ అడిగిన అసలు ప్రశ్న.

యూసీఎల్ఏ చదువు అతడికి పట్టా ఇవ్వలేదు, ఉద్యోగం ఇవ్వలేదు. కాని అతడి జాతివారికి అరుదుగా దొరికిన ఒక అనుభవం ఇచ్చింది. నాలుగేళ్ల తరువాత ఒక తలుపు కొద్దిగా తెరుచుకొన్నప్పుడు ఆ అనుభవమే పనికొచ్చింది. తలుపు తెరిచింది బేస్‌బాల్‌వారు కాబట్టి అతడు బేస్‌బాల్ ఆటగాడయ్యాడు. రికీ ఫుట్‌బాల్ జట్టుకు అధిపతి అయి ఉంటే ఈ పాఠం మరోలా రాయవలసి వచ్చేదేమో. ఈ మాట ఊరికే అనడం లేదు. తోటి ఆటగాడు కెన్నీ వాషింగ్టన్‌ను చూడండి. 1939లో అతడు రాబిన్సన్ కంటే పెద్ద ఫుట్‌బాల్ తార. జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో అతడికి చోటు దొరికింది 1946లో, లాస్ ఏంజెలస్ రామ్స్ జట్టులో. అప్పటికి మోకాళ్లు దెబ్బతిన్నాయి, మంచి వయసు దాటిపోయింది. మూడు సీజన్లు ఆడి విరమించాడు.

రాబిన్సన్ 1946లో మాంట్రియల్ రాయల్స్‌కు ఆడి, 1947లో 28వ ఏట డాడ్జర్స్‌లో చేరాడు. ప్రేక్షకుల తిట్లు, బెదిరింపు ఉత్తరాలు, ప్రత్యర్థుల కవ్వింపులు ఎలా భరించాడో ఇతర పుస్తకాల్లో వివరంగా దొరుకుతుంది కాబట్టి ఇక్కడ విస్తరించడం లేదు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి, 1949లో 0.342 సగటుతో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి అందుకొన్నాడు. యూసీఎల్ఏ నాటి 0.097 పక్కన ఈ అంకెను పెట్టి చూడండి.

అతడి ఆటలో అందరినీ ఆకర్షించింది బేస్ దొంగిలించడం. అంటే అవతలి జట్టు బౌలరు బంతి విసరబోతుండగా కనిపెట్టి, బ్యాటర్ ప్రమేయం లేకుండానే తరువాతి బేస్‌కు పరుగెత్తడం. క్రికెట్‌లో బౌలరు పరుగు మొదలుపెట్టగానే అవతలి చివరి ఆటగాడు దొంగతనంగా పరుగు తీశాడనుకోండి, ఇంచుమించు అలా ఉంటుంది. రాబిన్సన్ బేస్‌మీద కదలని క్షణం ఉండేది కాదు. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి బౌలరు ఏకాగ్రత చెడగొట్టేవాడు. ఈ కదలికలు బేస్‌బాల్‌లో నేర్చుకొన్నవి కావని నాకు అనిపిస్తుంది. మీదపడే 11 మందిని తప్పించుకొంటూ పంట్ రిటర్న్‌లో పరుగెత్తిన కాళ్లవి, బాస్కెట్‌బాల్ కోర్టులో ఆగి తిరిగిన కాళ్లవి. నాలుగు ఆటలు ఆడినందువల్ల ఒక్కదానిలోనూ పూర్తి నైపుణ్యం రాదని మన వ్యాయామ అధ్యాపకులు కొందరు అంటుంటారు. వారికి ఈ ఉదాహరణ చెప్పవచ్చు.

1956 సీజన్‌తో ఆట ముగిశాక ఒక కాఫీ సంస్థలో ఉపాధ్యక్షుడిగా చేరాడు. పౌరహక్కుల ఉద్యమంలో తిరిగాడు. మధుమేహం చూపును, గుండెను దెబ్బతీసింది. 1972 అక్టోబరు 24న, 53 ఏళ్లకే మరణించాడు.

1997లో మేజర్ లీగ్‌లోని అన్ని జట్లూ అతడి 42వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించాయి. అదే ఏడాది పసడీనా పురపాలక భవనం ఎదురుగా అన్నదమ్ములిద్దరి పెద్ద కాంస్య శిరస్సులు ప్రతిష్ఠించారు. జాకీ ముఖం బ్రూక్లిన్ ఉన్న తూర్పు దిక్కుకు, మాక్ ముఖం పురపాలక భవనం వైపుకు తిరిగి ఉంటాయి. రేచల్ రాబిన్సన్ 1973లో భర్త పేరుతో ఒక సంస్థ ప్రారంభించింది. విశ్వవిద్యాలయంలో చేరిన పేద విద్యార్థులకు ఉపకార వేతనాలిచ్చి, పట్టా చేతికి వచ్చేదాకా వారి వెంట ఉండటం ఆ సంస్థ పని.